రోజుకు ఎనిమిది పలకలు

జూన్ 3

యూనియన్ సెక్రటరీ చెప్పాడు కాబట్టి ఇది మొదలుపెడుతున్నాను. ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాయించి పెట్టుకో పెద్దమ్మా, రేపు మాట మీద మాట వస్తే నోటిమాట నిలబడదు అన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతాను, కోడలు రాస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మెరుగులు దిద్దకూడదు అని ముందే ఖాయం చేసుకున్నాం. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. నా దిండు కింద ఉంటుంది.

సంగతి ఇది. నేను పనిచేసేది పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో. కప్పు పిడిని మేం చెవి అంటాం. అచ్చులోంచి వచ్చిన పచ్చి కప్పుకు చెవి అతికించేది మా సెక్షన్. చెవి రెండు కొసలకూ చిక్కటి మట్టినీళ్లు అద్ది, కప్పుకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కి, అతుకు చుట్టూ స్పాంజితో తుడవాలి. గట్టిగా నొక్కితే కప్పు సొట్టబోతుంది. మెత్తగా నొక్కితే బట్టీలో చెవి ఊడి పడుతుంది. పదకొండు మందిమి. ముప్పై నాలుగేళ్లుగా కిటికీ పక్క మొదటి బల్ల నాది. కోడలిది చివరి బల్ల, చేరి ఆరేళ్లు. మా అందరిలో ఆఖరున చేరింది అదే. చేసిన కప్పులు చెక్క పలకల మీద నిలబెడతాం, పలకకు ముప్పై. మనిషికి రోజుకు ఎనిమిది పలకలు. సాయంత్రం గుమాస్తా వచ్చి ఎవరి అరలో ఎన్ని పలకలున్నాయో చూసి రాసుకుంటాడు. ఎనిమిదికి తగ్గితే ఆ రోజు సగం రోజు కిందే లెక్క.

ఇవాళ మేనేజరు ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, చేతిలో స్టాప్‌వాచీ, చంకలో రెండు ఫైళ్లు. "మేడమ్ పరిశోధన చేస్తున్నారు. అడిగినదానికి సమాధానం చెప్పండి, లేనిపోనివి చెప్పకండి" అన్నాడు. కొత్త బట్టీ కోసం కంపెనీ బ్యాంకును అప్పు అడిగిందట. పని ఎక్కడ వెనకబడుతోందో, ఇంతకుముందు తెచ్చిన డబ్బు ఎటు పోయిందో తేలితే తప్ప ఇవ్వమని బ్యాంకు వాళ్లు అన్నారట. మా చేతుల సంగతి ఒక ఫైలు, కంపెనీ డబ్బు సంగతి ఇంకో ఫైలు. చేతుల ఫైలే లావుగా ఉంది.

జూన్ 5

ఆవిడకు గడియారమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది మా సెక్షన్‌లో పొట్టిది. ఎవరికైనా పేరు పెట్టకపోతే దానికి తెల్లవారదు.

గడియారమ్మ నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

"మీ వయసెంతమ్మా?"

"కంపెనీ కాగితంలో యాభై ఏడు. నా మోకాళ్లనడిగితే డెబ్బై అంటాయి."

నవ్వలేదు. రెండూ రాసుకుంది. తర్వాత గుమాస్తా రిజిస్టరు తెరిచింది.

"ఆరు నెలలు చూశాను. పదకొండు మంది, ప్రతి రోజూ ఎనిమిదే. ఒక్కరికీ తొమ్మిది లేదు, ఏడు లేదు. ఎవరికీ ఒక్క రోజు కూడా ఒళ్లు వెచ్చబడలేదా?"

"మాది గట్టి సెక్షనండీ."

"జ్వరాలు ఆఫీసు వాళ్లకొస్తాయి మేడమ్. మాకు తీరికెక్కడిది?" అంది పొట్టిది.

అది కూడా రాసుకుంది.

ఇక్కడ కాబట్టి అసలు సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్ల కిందట ఒక అమ్మాయి నెల బిడ్డను ఇంట్లో వదిలి పనిలోకి వచ్చింది. రవిక తడిసిపోతూ ఉండేది. అయిదు పలకలు దాటేది కాదు. గుమాస్తా నాలుగు రోజులు వరసగా సగం రోజే వేశాడు. అయిదో రోజు, వాడు వచ్చేలోపు, నేను మూడు పలకలు తీసుకెళ్లి ఆ పిల్ల అరలో పెట్టాను. మర్నాడు ఇంకొకరు పెట్టారు. అదే పద్ధతైపోయింది. నాలుగింటికి టీ తాగాక, ఎక్కువ చేసినవాళ్ల అరల్లోంచి తగ్గినవాళ్ల అరల్లోకి పలకలు సర్దుతాం. మొత్తం ఎనభై ఎనిమిది, పదకొండు మంది, తలా ఎనిమిది. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని నోరెత్తకూడదు. ఆ చట్టం నాదే.

నా అరలో ఎప్పుడూ పది ఉంటాయి. రెండు తీసి ఇచ్చేస్తాను. ఈ వయసులో కూడా నాకన్నా వేగంగా చేసేది పొట్టిది ఒక్కతే, అదీ ఒక్క పలక తేడా.

ఇక్కడ కోడలు కలం ఆపింది. రాయమ్మా అన్నాను. రాసింది.

జూన్ 6

ఏమీ జరగలేదు. మోకాలు నొప్పి. ఇది కేసుకు అక్కర్లేదు రాయొద్దన్నాను. అదీ రాసేసింది.

జూన్ 10

నన్నూ సెక్రటరీనీ మేనేజరు గదికి పిలిచారు. గడియారమ్మ సగం రిపోర్టు ఇచ్చిందట. అందులో ఏముందో మేనేజరు చదివి వినిపించాడు. చెవుల సెక్షన్ ఆడవాళ్లు తమలో తాము ఒప్పందం చేసుకుని ఎనిమిది పలకల దగ్గర చేతులు ఆపేస్తున్నారు. గంటసేపు గడియారం పట్టి చూస్తే, ఒకామె రోజుకు పదమూడు పలకలు వచ్చే వేగంతో చేసింది. ఆ లెక్కన ఈ పనికి ఏడుగురు చాలు. నలుగురు ఎక్కువ.

ఆ ఒకామె పొట్టిది. నాకు తెలుసు, ఆ గంట నేను చూస్తూనే ఉన్నాను. పైనుంచి వచ్చినావిడ ముందు పరువు పోకూడదని తల ఎత్తకుండా, ఎవరో తరుముతున్నట్టు చేసింది. మర్నాడు మణికట్టు వాచి చెంచా పట్టుకోలేకపోయింది. గడియారం మర్నాడు చూడలేదు.

"ఆఖరున చేరినవాళ్లు ముందు వెళ్తారు. పద్ధతి అది" అన్నాడు మేనేజరు. అంటే మొదట పోయేది నా కోడలు.

"సారూ, పని వెనకబడేది మా దగ్గర కాదు" అన్నాను. "మేం చేసిన పలకలు బట్టీ ముందు రెండేసి రోజులు వరసలో నిలబడుతున్నాయి. ఉన్న ఒక్క బట్టీ వారానికి రెండుసార్లు మూలిగి ఆగిపోతుంది. కిందటిసారి బట్టీ కోసమని తెచ్చిన అప్పుతో ఆఫీసు ముందు అద్దాల గది కట్టారు కదా, కప్పులు అందులో కాల్చండి."

సెక్రటరీ బల్ల కింద నా కాలు తొక్కాడు.

"కాలు తీయవయ్యా, ఆ మోకాలు అసలే బాగాలేదు" అన్నాను పైకే.

జూన్ 11

కొడుకు లారీ మీద వెళ్లి పన్నెండు రోజులైంది. ఈ సంగతి ఫోన్‌లో చెప్పొద్దంది కోడలు. స్టీరింగు పట్టుకున్నవాడికి చెప్పే కబురు కాదంది. చెప్పలేదు. ఇది ఇద్దరు ఆడవాళ్ల జీతాల మీద నడిచే ఇల్లు. వాడి సంపాదన లారీ టైర్లే తింటాయి.

జూన్ 12

గడియారమ్మతో తాడోపేడో తేల్చుకుందామని వెళ్లాను. సరుకు కట్టే షెడ్డు వెనక గదిలో కూర్చోబెట్టారు ఆమెను. పెట్టెలు పేర్చి బల్ల చేశారు. పక్కన చెవులు ఊడిన కప్పుల గుట్ట. వాటిలో ఒకదాంట్లోనే టీ తాగుతోంది, రెండు చేతులతో పట్టుకుని.

"మేడమ్, మీరు నలుగురి నోటి దగ్గర కూడు తీసేశారు."

"కూర్చోండమ్మా."

"కూర్చోవడానికి రాలేదు."

"నిలబడే చెప్పండి. కానీ నాకో విషయం చెప్పండి. పదకొండు మంది, ఆరు నెలలు, ఒకే అంకె. మీరే నా చోట ఉంటే ఏమనుకుంటారు?"

అప్పుడు చెప్పేశాను. నెల బిడ్డ తల్లి దగ్గర్నుంచి మొత్తం. పక్కింటి వాళ్లతో కూడా అనని మాట. ఆమె కలం కింద పెట్టింది.

"ఇది మీరు ముందే చెప్పి ఉంటే..."

"మీరు అడిగారా? జ్వరం వచ్చిందా అని అడిగారు. వచ్చినప్పుడు ఏం చేస్తారని అడగలేదు."

తర్వాత ఒక దారి చెప్పింది. పదిహేడు నుంచి మూడు రోజులు పలకలు సర్దకూడదు. ఒక్కొక్కరి పలకల మీద ఒక్కో రంగు సుద్దగీత. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె అక్కడే కూర్చుంటుంది. అందరూ శక్తికొద్దీ చేస్తే వచ్చేది ఎనభై ఎనిమిదే అని తేలితే, ఒప్పందం అన్న మాట కొట్టేసి కొత్త రిపోర్టు రాస్తుంది.

"మొదట నన్నే చూడండి. ముసలిదాని వేగం చూశాక మీకు వయసు పిల్లల మీద అనుమానం ఉండదు" అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఇది చెబితే కోడలు, "మీరు వద్దులెండి అత్తయ్యా. పెద్దవాళ్లు కదా అని మేడమ్‌కి చెబుదాం. పది మందిని చూస్తే చాలదా?" అంది.

"ఏం, నా చెయ్యి పడిపోయిందా?"

"అది కాదు అత్తయ్యా."

"మరేది?"

కంచాలు తీసుకుని లేచింది.

జూన్ 16, ఆదివారం

ఇవాళ మా ఇంటికి జాతరలా వచ్చారు. ముందు పొట్టిది. "పెద్దమ్మా, నీ మోకాలికి మా వీధిలో మంచి డాక్టరున్నాడు. రేపొక్క రోజే చూస్తాడంట. మూడు రోజులు సెలవు పెట్టెయ్" అంది. డాక్టరు నా మోకాలి కోసం తారీఖు చూసుకుని కూర్చున్నాడా అన్నాను. తర్వాత మా సెక్షన్‌లోనే చేసే కవలల తల్లి వచ్చింది. రేపు తన పిల్లల్ని చూసుకునే దిక్కు లేదు, నేను ఇంట్లో ఉండి చూసుకుంటే తాను పనిలోకి వెళ్తానంది. ఆ కవలలకు పన్నెండేళ్లు. చూసుకోవలసింది వాళ్లు ఆమెను.

నాకు తెలుసు వీళ్ల బాధ. ముసలిదాని పక్కన తమ అంకె చిన్నబోతుందని. బల్ల దగ్గర అంత కలిసి ఉంటారు కానీ, కొలత పెట్టేసరికి ఎవరి భయం వాళ్లది. టీ ఇచ్చి పంపాను.

జూన్ 17

నాది నీలం సుద్ద. కోడలిది పసుపు. పొట్టిది ఎరుపు కావాలని పట్టుబట్టి తీసుకుంది.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను. నీళ్లకు తప్ప లేవలేదు. మూడున్నరకు స్పాంజి బకెట్టు కడుక్కుని వచ్చి, నా అర చూశాను. నాలుగున్నరకు గడియారమ్మ అందరి ముందూ లెక్కపెట్టింది. పొట్టిది పదకొండు. కోడలు పది. కవలల తల్లి తొమ్మిది. నేను నాలుగు పలకలు, పదకొండు కప్పులు.

సుద్ద చెరిగిపోయిందన్నాను. చెరగలేదు. నా పలకలు ఎవరో పక్క అరలో పెట్టారన్నాను. గడియారమ్మ పక్క అరలు కూడా చూసింది. సెక్షన్‌లో ఒక్కరూ నా వైపు చూడలేదు. అందరికీ ఒక్కసారిగా స్పాంజిలు కడుక్కునే పని పడింది.

కోడలా, అంకె తప్పు రాశావు, కొట్టెయ్.

చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు కదా అత్తయ్యా అంటోంది.

జూన్ 18

నాలుగు పలకలు, మూడు కప్పులు. ఇవాళ ఇచ్చిన మట్టినీళ్లు పలచగా ఉన్నాయి. స్పాంజి కూడా కొత్తది, చేతికి అలవాటు లేదు.

జూన్ 19

ఈ రోజు అత్తయ్య ఏమీ చెప్పలేదు. తేదీ మాత్రం వేసి ఉంచమన్నారు.

జూన్ 20

పనికి వెళ్లే ముందు, కోడలు జడ వేసుకుంటుంటే అడిగాను.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటత్తయ్యా?"

"నా దగ్గర నాటకాలాడకు."

జడ సగంలో వదిలేసింది. "నాలుగేళ్లు. మీకు కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచి. మొదట్లో ఒక్క పలకే. తర్వాత రెండు. తర్వాత..."

"ఇప్పుడు ఆరు. లెక్క నాకూ వచ్చు. ఎవరు?"

"అందరం. వంతులేసుకున్నాం. సోమవారం పొట్టక్క, మంగళవారం నేను..."

"ఎప్పుడు?"

"మీరు మూడున్నరకి బకెట్టు కడగడానికి వెళ్తారు కదా."

అంటే నేను పంపు దగ్గర నిలబడ్డ ఆ పది నిమిషాల్లో. చట్టం పెట్టింది నేను, ఎవరిచ్చారో చెప్పకూడదని. దాన్ని నా దగ్గరే ఇంత బాగా పాటించారు.

"తగ్గినవి నాలుగైతే నాలుగే పెట్టొచ్చు కదే. ఎనిమిది అయ్యేవి. పది ఎందుకు చేశారు?"

"ఎనిమిదే పెడితే మీకు ఇవ్వడానికి ఏమీ మిగలదు కదా. ఎవరికో ఒకరికి ఇవ్వకపోతే మీకు ఆ పూట అన్నం సయించదు."

చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాను. స్టీలుది, సొట్ట పడింది. కోడలు తీసి అరలో పెట్టి జడ పూర్తిచేసుకుంది. ఇద్దరం పనికి వెళ్లాం.

నాలుగేళ్లు. సోమవారం వస్తే పొట్టిదాని అర తగ్గి ఉండేది. అందులో రెండు పలకలు పెడుతూ, నీ వయసులో నేను పన్నెండు చేసేదాన్నే అనేదాన్ని. దాని పలకలే దానికిచ్చి. అది తల ఊపి, నిజమే పెద్దమ్మా అనేది.

జూన్ 21

గడియారమ్మ పిలిపించింది. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాను.

మూడు రోజుల మొత్తాలు ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది. "మీరు చెప్పింది నిజమేనమ్మా. ఒప్పందం ఏమీ లేదు, అందరూ చేయగలిగినంత చేస్తున్నారు. ఒక గంట వేగాన్ని రోజంతటికీ చాపి నేను తప్పు రాశాను. మారుస్తాను. పని ఆగుతున్నది బట్టీ దగ్గర. అద్దాల గది సంగతి రెండో ఫైలులో ఉంది."

తర్వాత కాగితాలు సర్దుతున్నట్టు నటించింది.

"చెప్పండి మేడమ్. నాకు చదువు రాదు కానీ ముఖాలు చదవడం వచ్చు."

"మనిషి మనిషికీ పట్టీ వేస్తే మీ వరస కనిపిస్తుంది. సగటు వేసి, తలకు ఎనిమిది అని రాస్తే కనిపించదు."

"సగటు రాస్తే బ్యాంకు వాళ్లు నమ్ముతారా?"

కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మళ్లీ ఎనిమిదేనా అంటారు. మొదటి రిపోర్టులోనూ అదే అంకె కదా. ఒకరిది పదకొండు, ఒకరిది తొమ్మిది, ఒకరిది నాలుగు అని వరసగా ఉంటే నమ్ముతారు."

"నా నాలుగు ఉంటేనే తక్కినవి నిజమనిపిస్తాయన్న మాట."

"అవునమ్మా. కానీ మీ ఉద్యోగం ఉండదు."

కిటికీలోంచి సెక్షన్ తలుపు కనిపిస్తోంది. లోపల ఎవరో నవ్వుతున్నారు, పొట్టిదే అయి ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు అంటే ఎన్ని కప్పులో ఈవిడ చెప్పగలదు. నేను అడగలేదు.

"పట్టీ వేయండి. కానీ ఒక మాట కూడా చేర్చండి. గుమాస్తా మనిషి మనిషికీ లెక్కపెట్టడం మానాలి. పది మందికీ కలిపి ఎనభై నాలుగు. ఎవరి అరలో ఎన్ని ఉన్నాయో వాడికి అనవసరం."

"ఎందుకు?"

"రేపు ఇంకొకతి నెల బిడ్డను వదిలి వస్తుంది. దొంగచాటుగా పలకలు మోసే పని తప్పుతుంది."

రాసుకుంది. ఈసారి మొదటి ఫైలులో కాదు, విడిగా ఒక కాగితం మీద, పెద్ద అక్షరాలతో.

జూన్ 23, ఆదివారం

అందరూ వచ్చారు. తలుపు తీయలేదు. పొట్టిది బయట నిలబడి, "పెద్దమ్మా, తిట్టాలనుంటే తలుపు తీసి తిట్టు. చెక్క అడ్డమై మాకు సరిగ్గా వినపడట్లేదు" అంది.

తీశాను. తిట్టాను. టీ తాగి వెళ్లారు.

జూన్ 29

కొత్త రిపోర్టు ఒప్పుకున్నారట. నలుగురిని తీసేసే మాట లేదు. ఒకటో తారీఖు నుంచి సెక్షన్‌కు పది మంది, ఎనభై నాలుగు పలకలు, మొత్తంగా లెక్క. అద్దాల గదికి డబ్బు ఎలా మళ్లిందో బ్యాంకు కాగితం రాసి అడిగింది. దానికి జవాబిచ్చాకే బట్టీ. మేనేజరు ముఖం బట్టీలో మరిచిపోయిన కప్పులా ఉంది.

పొద్దున్నే నన్ను పిలిచి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక కాగితం ముందు పెట్టాడు. నేను చదవలేను, కోడల్ని పిలిపించమన్నాను. వచ్చి చదివింది. ఇన్నేళ్లు పనిచేసి, అనారోగ్య కారణంగా స్వచ్ఛందంగా ఉద్యోగం విరమించుకుంటున్నాను అని ఉంది.

"అనారోగ్యం కొట్టెయ్యండి" అన్నాను.

"అది మర్యాద కోసం పెద్దమ్మా. మంచి మాటే కదా."

"నాకు జబ్బేమీ లేదు. రోజుకు నాలుగు పలకలు చేస్తుంది, తక్కిన పది మందీ తలకు ఎనిమిదికి పైనే చేస్తారు కాబట్టి మానుకుంటోంది అని రాయండి."

"నీ కాగితంలో వాళ్ల సంగతి ఎందుకు? ఇలా రాస్తే తక్కువయ్యేది నువ్వే."

"ఎవరు తక్కువో రాయకపోతే, ఎవరు సరిగ్గా చేశారో కూడా ఉండదు. వచ్చే ఏడు ఇంకో గడియారం వస్తుంది. అప్పుడు నేనిక్కడ ఉండను. ఈ కాగితం ఉంటుంది."

కొట్టేసి రాశాడు. కోడలు మళ్లీ చదివింది. నాలుగు దగ్గర గొంతు తగ్గించింది. గట్టిగా చదవమన్నాను. చదివింది. వేలిముద్ర వేశాను.

అప్పటికి మధ్యాహ్నం రెండైంది. ఇక ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు మేనేజరు. గంట ఇంకా కొట్టలేదు కదా అని సెక్షన్‌కు వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. మూడున్నరకు పంపు దగ్గరికి వెళ్లలేదు. గంట కొట్టేసరికి ఒక పలక నిండింది, రెండో దాంట్లో ఇరవై రెండు కప్పులు. నా అరలో నేనే పెట్టుకున్నాను. పొట్టిది చేతిలో పలకతో రెండడుగులు వేసింది. చూశాను. ఆగిపోయింది.

గుమాస్తా వచ్చి, ఒకటి అని రాసుకున్నాడు.